అమెరికా ట్యాక్స్ ఆఫీసు, భవానీ నగర్, తిరుపతి: 5కి 4

అమెరికా రిటర్నులు వేస్తామనే బోర్డులు తిరుపతిలో బాగానే కనిపిస్తాయి గానీ హెచ్‌ఎస్‌ఏ, అదే వైద్య ఖర్చులకి ట్యాక్స్ పడకుండా డబ్బు దాచుకునే హెల్త్ సేవింగ్స్ అకౌంట్, సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఈ మేడ మీది ఆఫీసులో మేడమ్‌కి తెలుసు.

మా తమ్ముడు 2025 జూన్ ఆఖరుకి అమెరికాలో ఉద్యోగం వదిలేసి వచ్చేశాడు, అప్పటికే కంపెనీ వేసిందీ జీతంలో పట్టిందీ కలిపి హెచ్‌ఎస్‌ఏలో 4,300 డాలర్లు పడ్డాయి. ఒక్కరి ప్లాన్‌కి ఆ ఏడాది లిమిట్ అంతే కదా, సరిగ్గా సరిపోయింది అన్నాడు అంతకుముందు మేం కలిసిన ఇంకో కన్సల్టెంట్. ఈవిడ మాత్రం ముందు ఇన్సూరెన్స్ ఏ నెల దాకా ఉందో అడిగారు. హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేయాలంటే హై డిడక్టిబుల్ ప్లాన్, అంటే మొదట పెద్ద మొత్తం దాకా ఖర్చు మనమే పెట్టుకునే ఇన్సూరెన్స్, ఉండాలి. అది ఆరు నెలలే ఉంది కాబట్టి లిమిట్ కూడా సగమే, 2,150. మిగతా 2,150 ఎక్సెస్. దాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే 6 శాతం, అంటే 129 డాలర్లు పెనాల్టీ, అదీ ఒక్క ఏడాదితో పోదు, ఆ డబ్బు అకౌంట్‌లో ఉన్నంతకాలం ఏటా వడ్డిస్తారు.

మావాడు వెంటనే ఫోన్ తీసి ఆ డబ్బు బ్యాంకుకి మార్చుకోబోతే ఆపేశారు, నాకు బాగా నచ్చింది అదే. మామూలుగా తీస్తే వైద్యానికి కాకుండా వాడుకున్నట్టు లెక్క, ట్యాక్స్ కాక ఇంకో 20 శాతం పడుతుంది. ఎక్సెస్ వెనక్కి తీయడానికి అకౌంట్ నడిపే సంస్థ దగ్గర వేరే ఫామ్ ఉంటుంది, అది నింపితే ఆ డబ్బు మీద వచ్చిన లాభం కూడా కలిపి పంపుతారు. ఎక్సెస్ మొత్తం 2025 ఆదాయంలోకి, లాభం చేతికొచ్చిన ఏడాది ఆదాయంలోకి వెళ్తాయి, పెనాల్టీ ఉండదు. గడువు 2026 ఏప్రిల్ 15. రిటర్ను టైముకి వేసేసి ఉంటే అక్టోబర్ 15 దాకా వీలుంది, కాకపోతే రిటర్నుని సవరించి మళ్లీ వేయాలి.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, ఫీజు ముందే చెప్పరు, పని అంతా అయ్యాక చెప్తారు. అపాయింట్‌మెంట్ తీసుకున్నా కూర్చోబెడతారు, అదేం పద్ధతో మరి.

చిత్తూరు వాళ్లు బస్సెక్కి రానక్కర్లేదు, కాగితాలు స్కాన్ చేసి పంపితే ఫోన్‌లోనే మాట్లాడతారు. పంపేముందు డబ్ల్యూ-2లో, అంటే కంపెనీ ఏటా ఇచ్చే జీతం, ట్యాక్స్ లెక్కల కాగితంలో, 12వ గడిలో డబ్ల్యూ కోడ్ పక్కనున్న అంకె చూసుకోండి, కంపెనీ వేసిన డబ్బు కూడా అందులోనే ఉంటుంది.