చదివిపెట్టే పెట్టె: చాలాకాలం వాడాక నా మాట

చూపు మందగించిన నాకోసం మా తమ్ముడు తయారుచేసిన పెట్టె ఇది. లోపల రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే కంప్యూటరు బోర్డు, దాని మూడో తరం కెమెరా ఉన్నాయి. అక్షరాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ టెసరాక్ట్, చదివి వినిపించేది ఈస్పీక్. ఇంటర్నెట్‌తో పనిలేదు. ఫోనులో ఇలాంటి యాప్‌లు ఉచితంగా దొరుకుతుంటే ఇదెందుకని చాలామంది అడుగుతారు. స్టాండు కోసం! చూపు ఆనని మనిషి ఫోనును కదలకుండా, పేజీ అంచులు తెగకుండా పట్టుకోవడం అయ్యే పని కాదు. ఇక్కడ పుస్తకాన్ని స్టాండు మూలకు ఆనించి మీట నొక్కితే చాలు.

12 మెగాపిక్సెళ్లని మురిసిపోనక్కర్లేదు. ఈ కెమెరా తీసే బొమ్మ 4608 × 2592 పిక్సెళ్లు (చుక్కలు), ఏ4 కాగితం కంటే సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కాగితం వెడల్పంతా ఆ 2592లో సరిగ్గా పట్టిస్తే అంగుళానికి 310 చుక్కల పైచిలుకు వస్తాయి. టెసరాక్ట్ సరిగా చదవాలంటే కనీసం 300 కావాలి. కెమెరాను ఓ అంగుళం పైకి జరిపినా అంతకంటే తగ్గిపోతుంది. కెమెరాకు మడిచే చేయి పెట్టమని నేనెంత పోరినా తమ్ముడు ఎత్తును స్క్రూలతో బిగించేశాడు. వాడిదే సరైన నిర్ణయం.

మొదట కెమెరా పక్కనే ఒక ఎల్ఈడీ ఉండేది. నున్నటి కాగితం మీద దాని మెరుపు పడి సగం పేరా మాయమయ్యేది. ఇప్పుడు రెండు పక్కల నుంచీ ఏటవాలుగా వెలుగు పడుతుంది. ఇంత మెరుగు సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పు చేసినా రాలేదు.

తెలుగు మాత్రం దీనికి గట్టి పరీక్షే. వరుస కింద వేలాడే ఒత్తులు కింది వరుస గుడులతో కలిసిపోతాయి. పాత పుస్తకాల్లో సిరా పాకిన చోట పాలు కాస్తా వాలు అవుతాయి. వచనమైతే సందర్భాన్నిబట్టి సర్దుకుంటాను. పద్యాలను దీనికి అప్పగించను. కందమైనా సీసమైనా కరెంటు బిల్లులాగే చదువుతుంది.

ఏకబిగిన పేజీలు తీస్తే బోర్డు వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాను పెట్టించాను గానీ దాని రొద స్పీకరుతో పోటీపడుతోంది. పవర్ బ్యాంకు 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు నిలకడగా ఇవ్వాలి, లేకపోతే పని మధ్యలో మళ్లీ మొదటికొస్తుంది. అలా అర్ధాంతరంగా ఆగితే మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి ఆపడానికి విడిగా ఒక మీట తప్పనిసరి.

మందపాటి పుస్తకాల నడిమి వంపు దగ్గర మాటలు ఇంకా వంకరపోతున్నాయి. గాజు పలక వేసి అదిమితే మెరుపు మళ్లీ వస్తోంది. ప్రస్తుతానికి ఎడమ పేజీ, కుడి పేజీ విడివిడిగా తీస్తున్నాను.