చైనా గ్రాసా, క్యారజీననా: ఏ ఎర్ర నాచు మేలు?

చాక్లెట్ పాల సీసా వెనక సన్నటి అక్షరాల్లో ‘ఐఎన్‌ఎస్ 407’ అని ఉంటే అది క్యారజీనన్ (ఐఎన్‌ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ అంకె). కిరాణా కొట్లో చైనా గ్రాస్ పేరుతో దొరికే తెల్లటి పోగులు అగర్; దాని అంకె 406. రెండూ సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి తీసేవే, రెండూ గాలక్టోజ్ చక్కెర గొలుసులే. అయినా అగర్‌ను ఆరోగ్యం పేరుతో వండుకునేవారే క్యారజీనన్ పేరు చదవగానే సీసాను తిరిగి అరలో పెట్టేస్తున్నారు. ఆ భయంలో నిజం కొంతే, గందరగోళం చాలా.

తేడా అంతా సల్ఫేట్ (గంధకం, ఆక్సిజన్ కలిసిన ముక్క) దగ్గర ఉంది. అగర్‌ను గట్టిపరిచే అగరోజ్‌లో అది దాదాపు ఉండదు. క్యారజీనన్‌లో మాత్రం ప్రతి చక్కెర జంటకు కప్పా రకంలో ఒకటి, అయోటాలో రెండు, లాంబ్డాలో మూడు చొప్పున సల్ఫేట్లు అంటుకుని ఉంటాయి.

ఇంటి వంటకైతే నా ఓటు అగర్‌కే. పోగులను నానబెట్టి, ఒక్కటి కూడా కనిపించకుండా కరిగేదాకా నీళ్లలో మరిగించాలి. తొందరపడితే పుడ్డింగ్‌లో పలుకులు తగులుతాయి. ఆ నీటిని వేడి పాలలోనే కలపాలి. అగర్ 35–40 డిగ్రీల దగ్గరే గట్టిపడుతుంది కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసిన పాలలో పోస్తే అక్కడికక్కడే ఉండలు కడుతుంది. ఒకసారి బిగుసుకున్నాక మళ్లీ కరగాలంటే వేడి 85 డిగ్రీల దాకా వెళ్లాలి. మే నెలలో విజయవాడలో విందు పెడితే జెలటిన్ జెల్లీ బల్ల మీదే నీరుగారిపోతుంది, అగర్ జెల్లీ చెక్కుచెదరదు.

1881లో జర్మనీలో వైద్యుడు వాల్టర్ హెస్సేను వేధించింది కూడా ఈ కరిగే జెలటినే. సూక్ష్మజీవ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచుతుంటే ఎండకు అది కరిగేది, కొన్ని సూక్ష్మజీవులైతే దాన్నే తినేసేవి. తాను జెల్లీలకు వాడే అగర్‌ను ప్రయత్నించమన్నది ఆయన భార్య ఫానీ. మరుసటి ఏడాది కోచ్ తన క్షయ పరిశోధన పత్రంలో అగర్‌ను ప్రస్తావించారు, ఆమె పేరు మాత్రం ఎత్తలేదు.

పాల విషయంలో లెక్క తారుమారవుతుంది. సల్ఫేట్‌కున్న రుణావేశం వల్ల క్యారజీనన్ పాలలోని కేసిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని, కంటికి కనిపించని వల అల్లుతుంది. 0.03 శాతం కలిపినా చాలు, కోకో పొడి అడుగుకు దిగదు. అదే పని అగర్‌తో చేయిస్తే పాలు తాగడానికి కాదు, చెంచాతో తినడానికి తయారవుతాయి. సల్ఫేట్ పట్టు వైరస్‌ల మీదా పనిచేస్తుందేమోనని అర్జెంటీనాలో కోవిడ్ సమయంలో 394 మంది ఆసుపత్రి సిబ్బంది మీద పరీక్షించారు. అయోటా క్యారజీనన్‌ను ముక్కులో చల్లుకున్న 196 మందిలో ఇద్దరికి, క్యారజీనన్ లేని ఉత్త ద్రవం చల్లుకున్న 198 మందిలో పదిమందికి జబ్బు సోకింది. చిన్న పరీక్షే, కానీ కొట్టిపారేయలేం.

మరి భయం ఎక్కడి నుంచి వచ్చింది? వాపు తగ్గించే మందులను పరీక్షించడానికి 1960ల నుంచి ఎలుక పాదంలోకి క్యారజీనన్‌ను సూదితో ఎక్కిస్తున్నారు; గంటల్లో పాదం ఉబ్బుతుంది. ‘వాపు తెప్పించే పదార్థాన్ని ఐస్‌క్రీమ్‌లో కలుపుతున్నారు’ అనే ప్రచారం దీన్ని పట్టుకునే సాగుతోంది. సూదితో గుచ్చినదాన్ని, నోటితో తిన్నదాన్ని ఒకే గాటన కట్టడం అన్యాయం. పాలను గుచ్చినా వాపు వస్తుంది మరి! రెండో గందరగోళం పాలిజీనన్‌ది. క్యారజీనన్‌ను ఆమ్లంలో వేడిచేసి తునకలు చేస్తే వచ్చే పదార్థమిది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకం కావచ్చని చెప్పింది దీని గురించి. దీన్ని ఆహారంలో వాడరు.

నన్ను ఆలోచింపజేసేవి మాత్రం మనుషుల మీద జరిగిన రెండు చిన్న పరీక్షలు. పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ అదుపులో ఉన్న 12 మందితో అమెరికాలో చేసిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. క్యారజీనన్ క్యాప్సూళ్లు మింగినవారిలో ముగ్గురికి జబ్బు తిరగబెట్టింది, ఉత్త క్యాప్సూళ్లు మింగినవారిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. 2024లో జర్మనీ పరిశోధకులు 20 మంది ఆరోగ్యవంతులైన యువకులకు రెండు వారాలపాటు రోజుకు 500 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. మొత్తం మీద ఇన్సులిన్ పనితీరులో తేడా రాలేదు కానీ, బరువు ఎక్కువున్నవారిలో అది మందగించింది, పేగు గోడ కాపలా కూడా కాస్త సడలింది. 0.03 శాతం లెక్కన 200 మిల్లీలీటర్ల చాక్లెట్ పాలలో ఉండేది 60 మిల్లీగ్రాములే. అంటే రోజుకు ఎనిమిదికి పైగా సీసాలు తాగితే గానీ ఆ 500 మిల్లీగ్రాముల మోతాదు రాదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో కిలో శరీర బరువుకు రోజుకు 75 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది; సమాచారం చాలదని దానికి ‘తాత్కాలికం’ అని ముద్ర వేసింది.

కాబట్టి ఆరోగ్యవంతులు అప్పుడప్పుడు ఒక సీసా తాగితే నాకు అభ్యంతరం లేదు. కొలైటిస్ ఉన్నవారు మాత్రం 407 ఉన్నవాటిని మానేసి చూడడమే నయం, పోయేదేమీ లేదు.

అగర్‌కు ఆ ఐరోపా సంస్థే 2016లో అంకెల పరిమితి అక్కర్లేదంది. అయితే అగర్‌ను ఇంత పట్టుదలగా తవ్విచూసినవారు లేరన్నదీ గుర్తుంచుకోవాలి. పొడిని నీళ్లు లేకుండా మింగితే గొంతులోనే ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది.

తమిళనాడులోని రామనాథపురం తీరంలో నిలబడి చూస్తే పోలిక ఇంకోలా కనిపిస్తుంది. అగర్ ఇచ్చే గెలిడియెల్లాను అక్కడి మత్స్యకార మహిళలు సముద్రంలో మునిగి రాళ్ల మీద నుంచి చేత్తో పీకుతారు. క్యారజీనన్ ఇచ్చే కప్పాఫైకస్‌ను వెదురు తెప్పలకు కట్టి పెంచుతారు, 45 రోజుల్లో కోతకు వస్తుంది. శ్రమపరంగా ఇదే మేలు. కానీ ఇది మన సముద్రపు మొక్క కాదు. మన్నారు సింధుశాఖలో కురుసడై దీవి దగ్గర పగడపు దిబ్బల మీదికి పాకి వాటిని కప్పేసింది. గెలిడియెల్లానూ తెప్పల మీద పెంచవచ్చని భావనగర్‌లోని కేంద్ర లవణ, సముద్ర రసాయన పరిశోధన సంస్థ చేసి చూపింది. కాకపోతే అది ఎదగడం చాలా నెమ్మది, అన్ని నెలలు పెట్టుబడి పెట్టి ఆగే స్తోమత ఆ మహిళల్లో ఎక్కువమందికి లేదు.