పదకొండో విధి లేని పౌర విద్య పుస్తకం

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర పుస్తకాల దుకాణంలో మూడు నుంచి ఐదో తరగతి పిల్లల కోసం అమ్ముతున్న పౌర విద్య అభ్యాస పుస్తకాన్ని మా ప్రాథమిక పాఠశాలకు తెప్పించి, వారానికి ఒక పీరియడ్ చొప్పున చదివించాము. దేశభక్తిని నినాదాలతో కాక పనులతో నేర్పుతామని ముందుమాటలో చెప్పుకున్న ఈ పుస్తకం ఆ మాటను కొన్ని పాఠాల్లో చక్కగా నిలబెట్టుకున్నది, కొన్నింటిలో మరచిపోయింది.

అన్నిటిలోకీ మేలైనది గ్రామసభ పాఠం. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చి, 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణను రెండు వాక్యాల్లో ముగించి, పిల్లలను వీధిలోకి పంపుతుంది. వెలగని వీధి దీపాలు, మూత లేని బావి, నీరు వృథాగా పోతున్న కుళాయి ఎక్కడున్నాయో పటం గీసి, ఆ వివరాలతో గ్రామ సచివాలయానికి తామే అర్జీ రాయాలి. మా నాలుగో తరగతి పిల్లలు రాసి, వరుసగా సంతకాలు చేసి, ఇచ్చి, రసీదు కూడా అడిగి తెచ్చుకున్నారు. రసీదు అడగాలని మేము చెప్పలేదు, పుస్తకంలోనే ఉన్నది. ఆ వాక్యం రాసినవారు ఎవరో గాని, కార్యాలయాల చుట్టూ బాగా తిరిగినవారే అయి ఉండాలి.

జెండా పాఠం కొలతల వరకు సరిగానే ఉన్నది: 3:2 నిష్పత్తి, చక్రానికి 24 ఆకులు, ఆగస్టు 16న నేల మీద పడిన కాగితపు జెండాలను ఏరి భద్రపరిచే పని. అయితే ఖద్దరు ప్రస్తావన వచ్చిన చోట కూడా, ఆ నేతకు పేరుపొందిన మన జిల్లా పొందూరు పేరు లేదు. వీరుల పాఠంలో సరిహద్దు సైనికులు తప్ప మరొకరు కనిపించరు. మందస జమీందారీ అడవి కట్టెల కోసం రైతులు చేసిన పోరాటంలో 1940 ఏప్రిల్ 1న పోలీసు కాల్పులకు బలైన గున్నమ్మ గాని, ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ పాట రాసి జైలుకు వెళ్ళిన గరిమెళ్ళ సత్యనారాయణ గాని మన జిల్లా పిల్లలకు ఈ పుస్తకం ద్వారా తెలియరు. ప్రతిజ్ఞను అచ్చు వేసి, దానిని 1962లో విశాఖపట్నంలో రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు పేరును వదిలేశారు.

వీటన్నిటినీ ఉపాధ్యాయులు నోటితో పూరించుకోవచ్చు. క్షమించలేని లోపం మాత్రం విధుల పాఠంలో ఉన్నది. రాజ్యాంగంలోని 51ఎ అధికరణం కింద పౌరులకు పది ప్రాథమిక విధులని ముద్రించారు. 1976లో 42వ సవరణ చేర్చినవి పదే అయినా, 2002లో 86వ సవరణ పదకొండో విధిని జోడించింది: ఆరు నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల, సంరక్షకుల బాధ్యత. విధులన్నిటిలో ఈ పుస్తకం చదివే పిల్లవాడిని నేరుగా తాకేది అదే. ఇటుక బట్టీల పనికి వలస వెళ్ళే పెద్దల వెంట బడి మధ్యలో వదిలి వెళ్ళిపోయే పిల్లలున్న మన ప్రాంతంలో, ఆ ఒక్కదాన్ని విడిచి మిగిలిన పదింటినీ వల్లె వేయించడం పాఠం ఉద్దేశాన్నే దెబ్బతీస్తుంది.

కాగితం పలుచన, స్కెచ్ పెన్ రంగు వెనక పేజీకి దిగుతుంది. మూడో తరగతికి వాక్యాలు పొడవు. నాలుగు, ఐదు తరగతులకు మాత్రం కొనవచ్చు. కొన్నవారు పదకొండో విధిని చీటీ మీద రాసి, పిల్లల చేతనే ఆ పేజీలో అంటింపజేయాలి.