శ్రీముఖలింగం: ఈసారి తీరిగ్గా

శ్రీకాకుళం జిల్లాకు వచ్చేవారిలో చాలామంది అరసవల్లి, శ్రీకూర్మం చూసుకుని, పొద్దు మిగిలితే శ్రీముఖలింగం వెళ్తారు. మొదటిసారి మేమూ అంతే. మునిమాపు వేళకు చేరి, మధుకేశ్వరుడికి దండం పెట్టుకుని తిరిగి వచ్చేశాం. ఆ వెలితి తీరక మొన్న శీతాకాలంలో అమ్మను తీసుకుని ఈ ఒక్క ఊరి కోసమే బయలుదేరాను.

బస శ్రీకాకుళంలో. బస్టాండుకు దగ్గరని ఎంచుకున్న లాడ్జిలో దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి కానీ, తెల్లవారుజామున వేడినీళ్లు ఇస్తామన్న మాట నిలబెట్టుకోలేదు. ఆ చలిలో అమ్మ చన్నీళ్లే పోసుకుంది. పెద్దవాళ్లతో వెళ్లేవారు డబ్బు కట్టేముందే ఈ సంగతి గట్టిగా అడగండి. నరసన్నపేట దాకా బస్సు, అక్కడ ఇడ్లీ, ఆపైన ఆటో. ఆటో అతను రానుపోను బేరం ముందే చెప్పి, మూడు గంటలు విసుక్కోకుండా ఆగాడు.

వంశధార ఒడ్డున ఉన్న ఈ పల్లె తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని చరిత్రకారులు చెబుతారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. మధుకం అంటే ఇప్ప చెట్టు. ఇప్ప మొదలులో శివుడు వెలిశాడని స్థలపురాణం. భక్తుల రద్దీ అంతా మధుకేశ్వరంలోనే కాబట్టి శిల్పాలు చూడటానికి ఓపిక కావాలి. భీమేశ్వరంలో చెక్కడం తక్కువ, పది నిమిషాలు చాలు.

నా మనసు మాత్రం ఊరి మొదట్లో ఉన్న సోమేశ్వరం దగ్గరే ఆగిపోయింది. ముందు మండపం లేదు, ఒంటరిగా లేచిన శిఖరం. భువనేశ్వర్ గుళ్లు చూసినవారికి ఆ వంపు ఇట్టే గుర్తుకొస్తుంది. రాతిలో చెక్కిన ఒక తీగ మెలికలు తిరుగుతూ పైకి పాకుతుంది. ఎంత లోతుగా తొలిచారంటే ఆకు వెనుక నీడ పడుతోంది. దానికి జానెడు దూరంలో ఎవరో మేకుతో తమ పేరు గీశారు. వెయ్యేళ్ల నాటి రాయి అది! కడుపు రగిలిపోయింది.

చెప్పులు విప్పి తిరగాలి కాబట్టి బండలు కాలకముందే వెళ్లండి. తాగునీరు వెంట ఉంచుకోండి. భోజనం మేము నరసన్నపేటకు వచ్చాకే చేశాం. శివరాత్రి ఉత్సవాల్లో చక్రతీర్థ స్నానానికి జనం పోటెత్తుతారు. మొక్కు ఉన్నవారు అప్పుడు వెళ్లాలి, శిల్పం కోసమైతే మామూలు రోజే మేలు.

తిరుగు దారిలో అమ్మ సోమేశ్వరం ముందు మళ్లీ ఆటో ఆపమంది. నేను చూపించిన తీగను చేత్తో తాకకుండా, దగ్గరగా వంగి, కింది నుంచి పైదాకా చూసి వచ్చాకే ఎక్కింది.