ఒకే ఆర్‌సీ.లోకలా, అంకెల స్క్రిప్టులా: ఏది మేలు?

చిన్న లినక్స్ బోర్డులతో పనిచేసేవారు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. బూట్ సమయంలో అమలు కావలసిన కెర్నెల్ (లినక్స్ మూలభాగం) సెట్టింగులన్నీ ఆర్‌సీ.లోకల్ అనే ఒకే బూట్ స్క్రిప్టు ఫైలులో రాసుకోవాలా, లేక బూట్ స్క్రిప్టులుండే ఇనిట్.డి డైరెక్టరీలో ఎస్02, ఎస్40 వంటి అంకెలతో విడివిడి స్క్రిప్టులుగా పెట్టుకోవాలా? ఈమధ్య ఒక గేట్‌వే (నెట్‌వర్క్‌లను కలిపే) బోర్డు కోసం నేనే ఈ రెండింటిలో ఒకటి తేల్చుకోవలసి వచ్చింది.

ఒకే ఫైలుకు ఉన్న సౌకర్యాన్ని కాదనలేము. పదిహేను లైన్లూ ఒకచోటే కనిపిస్తాయి, కొత్తగా చేరినవారికి వెతుకులాట ఉండదు, ఒక్కో స్క్రిప్టుకు ఒక్కో షెల్‌ను (ఆదేశాలను నడిపే ప్రోగ్రామును) లేపే పని ఉండదు కనుక నెమ్మదైన ప్రాసెసర్ మీద కొంత సమయమూ కలిసివస్తుంది. అయితే నా దృష్టిలో ఎంపికను తేల్చేది ఇవేవీ కావు. మధ్యలో ఒక లైను విఫలమైతే దాని కింద ఉన్న లైన్ల గతి ఏమిటన్నదే అసలు ప్రశ్న.

నా పాత బోర్డులో ఆర్‌సీ.లోకల్ మొదటి లైనులోనే షెల్‌కు మైనస్ ఈ ఇచ్చి ఉంది, అంటే ఏ ఆదేశం విఫలమైనా స్క్రిప్టు అక్కడితో ఆగిపోతుంది. మూడో లైను ఎన్‌ఎఫ్_కాన్‌ట్రాక్_మ్యాక్స్‌లో, అంటే కెర్నెల్ గుర్తుంచుకునే నెట్‌వర్క్ కనెక్షన్ల గరిష్ఠ సంఖ్యలో, 65536 రాస్తుంది. ఒక ఫర్మ్‌వేర్ మార్పు తర్వాత ఆ కనెక్షన్ల లెక్క చూసే కాన్‌ట్రాక్ మాడ్యూల్ (కెర్నెల్‌కు జోడించే భాగం) ఆలస్యంగా లోడ్ కావడం మొదలైంది. మాడ్యూల్ లేనిదే ప్రాక్‌లో (కెర్నెల్ విలువలు ఫైళ్లుగా కనిపించే చోట) ఆ ఫైలే ఉండదు కాబట్టి స్క్రిప్టు అక్కడే ముగిసింది. కెర్నెల్.ప్యానిక్ విలువను 10 చేసే లైను దాని కిందెక్కడో ఉంది. ఆ విలువ 0గానే మిగిలిపోవడంతో, ప్యానిక్ (కెర్నెల్ కోలుకోలేని లోపంతో ఆగిపోవడం) వచ్చినప్పుడు పది సెకన్లకు రీబూట్ కావలసిన పరికరం, బిగుసుకుంటే దానంతటదే రీసెట్ చేసే వాచ్‌డాగ్ కూడా లేక, ఎవరో వెళ్లి కరెంటు తీసి పెట్టేదాకా బిగుసుకుపోయింది. మైనస్ ఈ తీసేస్తే సరిపోతుందనేవారున్నారు. తీసేస్తే మిగతా లైన్లు నడుస్తాయి, నిజమే. కానీ సీరియల్ కన్సోల్ ముందు మనిషి లేనిచోట మూడో లైను విఫలమైన సంగతి ఎవరికీ తెలియదు.

విడివిడి స్క్రిప్టుల్లో ఒకటి పడిపోయినా తర్వాతిది మామూలుగానే మొదలవుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఏది ముందు, ఏది వెనుక అన్న ఆలోచన ఫైలు పేరులోనే కనబడుతుంది. క్రమం ఎంత అవసరమో, ఒక నెట్‌వర్క్ నుంచి వచ్చిన ప్యాకెట్లను మరోదానికి పంపడాన్ని (ఫార్వర్డింగ్‌ను) నియంత్రించే ఐపీ_ఫార్వర్డ్ దగ్గర తెలుస్తుంది: ఈటీహెచ్1 అనే నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ మీద ఫార్వర్డింగ్‌ను ముందుగా 0 చేసి, ఆ తర్వాత ఐపీ_ఫార్వర్డ్‌ను 0 నుంచి 1కి మారిస్తే, కెర్నెల్ అన్ని ఇంటర్‌ఫేసుల ఫార్వర్డింగ్‌నూ 1 చేసేస్తుంది, మనం రాసిన సున్నా మాయమవుతుంది. ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక: పేర్లు అక్షరక్రమంలో నడుస్తాయి గనుక ఎస్100 అని పెడితే అది ఎస్20 కంటే ముందే వస్తుంది. రెండంకెలు దాటవద్దు.

బూట్‌ను నడిపే సిస్టమ్‌డీ ఉన్న పరికరంలో చాలావరకు ఈ చర్చ అక్కర్లేదు, కెర్నెల్ విలువల కోసమే ఉన్న సిస్‌కంట్రోల్.డి డైరెక్టరీలో వాటిని రాస్తే సాధారణంగా చాలు, ఇంటర్‌ఫేస్ ఆలస్యంగా వచ్చినా, పరికరాల రాకను గమనించే యూడెవ్ దాని విలువలను అప్పుడు అమలు చేయిస్తుంది. రౌటర్ల కోసం ఉన్న లినక్స్ అయిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో యూసీఐ-డిఫాల్ట్స్ అనే తొలి అమరిక స్క్రిప్టులు విజయవంతంగా ఒకసారి నడిచాక చెరిగిపోతాయి కాబట్టి ప్రతి బూట్‌కూ కావలసిన ప్రాక్ విలువలను అందులో పెట్టకూడదు.

కొత్త బోర్డులో కెర్నెల్.ప్యానిక్ వంటి విలువలు సిస్‌కంట్రోల్.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైలులో ఉన్నాయి, ఎస్02 వాటిని అమలు చేస్తుంది. కాన్‌ట్రాక్ విలువను, మాడ్యూల్‌ను లోడ్ చేసే ఎస్30లోనే, లోడ్ చేసే ఆదేశమైన మోడ్‌ప్రోబ్ కింది లైనుగా రాశాను. ఎస్40 నెట్‌వర్క్‌ను లేపాక, ఎస్45 ముందు ఐపీ_ఫార్వర్డ్‌ను, ఆ వెనుకే ఈటీహెచ్1 విలువను రాస్తుంది. చివరన ఎస్99 ఒక్కో విలువను తిరిగి చదివి, అనుకున్న దానికి తేడా ఉంటే ఆ పేరునూ, కనిపించిన విలువనూ లాగ్‌లో రాస్తుంది.