అర అంగుళం: తోలు బెల్టుతో నాలుగేళ్లు

జిమ్ములో బరువులెత్తేటప్పుడు నడుముకి కట్టుకునే ఈ బెల్టు మీద నాకున్న కోపమంతా దాని కన్నాల మీదే. తోలు మంచిది, బకిలు మంచిది, నాలుగేళ్లలో కుట్టు ఒక్క పోగు కూడా లేవలేదు. కానీ కన్నానికీ కన్నానికీ మధ్య అంగుళం వదిలిన మనిషి జన్మలో ఒక్క ఆడదాని నడుమైనా కొలిచి ఉండడు.

నేను ఒడిశాలోని బరంపురంలో జాకెట్లు కుడతాను. పద్దెనిమిదేళ్లుగా టేపు మెడలోనే ఉంటుంది. నా పనిలో అర అంగుళం తేడా వస్తే జాకెట్టు తిరిగొస్తుంది, కుట్టుకూలి రాదు. పైగా నడుమనేది రోజూ ఒకే కొలతలో ఉండదు. నెలలో నాలుగైదు రోజులు పొట్ట ఉబ్బుతుంది. ఉపవాసం మర్నాడు లోపలికి పోతుంది. రాత్రి పూరీలు తిని పొద్దున్నే జిమ్ముకెళితే అది ఇంకో లెక్క. అందుకే హుక్కులకి రెండు వరసలు పెట్టమని అడిగేవాళ్లుంటారు, పెడతాం. మూడువేల పైచిలుకు పోసి కొన్న బెల్టుకి ఆ మాత్రం ఆలోచన లేదు. మూడో కన్నంలో పెడితే ఇంటికొచ్చిన చుట్టంలా ఊరికే కూర్చుంటుంది. నాలుగో కన్నంలో పెడితే ఊపిరి పొట్టలోకి దిగదు, ఛాతీలోనే ఆగిపోతుంది.

పది మిల్లీమీటర్ల మందం, నాలుగంగుళాల వెడల్పు, ఒకే ముల్లున్న బకిలు. మిగతా వివరాలు అమ్మేవాళ్లే కావలసినదానికన్నా ఎక్కువ చెబుతారు.

బరువులెత్తడం మా ఊరికి కొత్త కాదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారం తెచ్చిన కాటులు రవికుమార్ ఇక్కడివాడే. సరిహద్దు దాటితే కరణం మల్లీశ్వరి గారి శ్రీకాకుళం జిల్లా. ఆవిడ 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చినప్పుడు మా వీధి వీధంతా మాదే అన్నట్టు మురిసిపోయింది. అయినా రెండు కాన్పులైన నలభై ఏళ్ల టైలరు జిమ్ముకి పోతానంటే మాత్రం ఇంట్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రోజంతా మిషను మీద వంగి కూర్చుని నడుం పట్టేయడంతో వెళ్లాను, పతకాల కోసం కాదు.

కొత్త తోలు చెక్కలా ఉంటుంది. మెత్తబడుతుందని ఇంట్లో కూడా చుట్టుకుని తిరిగేదాన్ని. మా అమ్మ చూసి, "ఏటే, మళ్లీ బాలింతవయిపోనావేటి, నడికట్టు కట్టేవు?" అంది. నా రెండు కాన్పులకీ పాత నూలు చీర మడతపెట్టి, మోకాలు ఆనించి మరీ బిగించిన మనిషి ఆవిడ. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను గానీ, తేడా అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. నడికట్టు పొట్టని లోపలికి నొక్కుతుంది. బెల్టు దగ్గర పని తలకిందులు: ఊపిరి నింపి, గొంతు మూసి, పొట్టతో మనమే బెల్టుని బయటికి నెట్టాలి. అలా నెట్టినప్పుడు లోపల పుట్టే ఒత్తిడి వెన్నుకి ముందువైపు నుంచి దన్నుగా నిలుస్తుంది. పొట్ట ఊరికే ఉంటే బెల్టు ఎంత బిగించినా అది మొలతాడే.

ఇది తెలియకముందు నేను దాన్ని నడికట్టులాగే వాడాను. ఖాళీ కడ్డీ ఎత్తడానికి కూడా నాలుగో కన్నం. జిమ్ములో అడుగుపెట్టిన దగ్గర్నుంచి బయటికొచ్చేదాకా ఒంటి మీదే. పక్కటెముక కింద కమిలిపోయి, మర్నాడు చీర కుచ్చిళ్లు దోపుకుంటుంటే చురుక్కుమనేది. అయినా కొట్టుకొచ్చిన వాళ్లందరికీ చెప్పాను, ఈ బెల్టే నా నడుం నిలబెట్టిందని. ఇద్దరు నా మాట విని కొనుక్కున్నారు కూడా. వాళ్లు ఇది చదువుతుంటే కింద రాసింది కూడా చదవండి.

మూడుకీ నాలుగుకీ మధ్య నేనే ఒక కన్నం వేసుకుందామనుకున్నాను. కాజాలు తీసే సామాను అంత మందం తోలుకి ఏం సరిపోతుంది? బడా బజారు వైపు చెప్పులు కుట్టే ముసలాయన ఉంటే తీసుకెళ్లాను. ఆయన బెల్టు అటు తిప్పి ఇటు తిప్పి, "ఏ జంతువుకి తల్లీ ఇది, గుర్రానికా?" అన్నాడు. నాకే అన్నాను. ఇంకోసారి బెల్టు చూశాడు, ఇంకోసారి నన్ను చూశాడు.

వచ్చిన చిక్కేమిటంటే అది ఠాకురాణి యాత్ర రోజులు. రెండేళ్లకోసారి వస్తుంది, వచ్చిందంటే ఊళ్లో ఎవడి పని వాడి చేతుల్లో ఉండదు. మొక్కుకున్నవాళ్లు రకరకాల వేషాలు కడతారు. ఆయన ముందు గజ్జెల పట్టీలు కుప్పగా పడి ఉన్నాయి, అన్నీ పులివేషాలవి. "ముందు అమ్మోరి పని. తరవాతే నీ నడుం పని" అన్నాడు. ఇచ్చేసి వచ్చాను. రెండు రోజులన్నది పన్నెండు రోజులైంది.

ఆ పన్నెండు రోజులే ఈ సమీక్షకి అసలు సంగతి.

బెల్టుతో నేను డెబ్బై అయిదు కిలోలు భుజాల మీద పెట్టుకుని మూడుసార్లు గుంజీలు తీసేదాన్ని. ఇప్పుడు బెల్టు లేదు కదా అని అరవై పెట్టాను. అరవై అంటే నాకు లెక్కలోది కాదు. మొదటిది కిందికి దిగాను. పైకి లేవబోయేసరికి పొట్టలో గాలి ట్యూబు పంక్చరైనట్టు జారిపోయింది. తుంటి లేచింది, ఛాతీ లేవలేదు, మనిషిని ముందుకి మడతపడిపోయాను. పక్కన అడ్డుకడ్డీలు ఉండబట్టి బరువు వాటి మీద వాలింది. ఆ చప్పుడుకి అటు మూల బరువుని తలపైకెత్తే క్లీన్ అండ్ జెర్క్ చేసుకుంటున్న ఒడియా పిల్లలు పరిగెత్తుకొచ్చారు. "దీదీ, లాగిలా కి?" అని ఒకటే అడగడం. దెబ్బేం తగల్లేదు. రెండేళ్లుగా మోసుకు తిరుగుతున్న గర్వానికి తగిలింది.

జిమ్ము సారు తిట్టలేదు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడవమని, "మీ టేపే నడుం చుట్టూ వదులుగా పట్టుకోండి" అన్నాడు. మామూలుగా ఇరవై తొమ్మిది. ఊపిరి పొట్టలోకి, పక్కలకి నింపమన్నాడు. మొదట్లో టేపు కదలనే లేదు, భుజాలు మాత్రం చెవులదాకా లేచాయి. నాలుగో రోజుకి ముప్పై చూపించింది. పొట్ట ముందుకి ఒక్కటే రావడం కాదు, నడుం పక్కలు కూడా టేపుని నెట్టాలి. రోజూ పొద్దున్న పది నిమిషాలు, మళ్లీ మధ్యాహ్నం కొట్లో బేరం లేనప్పుడు బల్ల వెనక నేల మీద పడుకుని ఇదే పని. ఒకావిడ జాకెట్టు గుడ్డ పట్టుకొచ్చి, నేను కళ్లు తిరిగి పడిపోయాననుకుని కేక పెట్టింది.

ఇరవై తొమ్మిదికీ ముప్పైకీ మధ్య ఉన్నది అంగుళం. నేనెత్తడానికి కావలసిన ఊపిరి ఆ అంగుళంలోనే ఉంది. నాలుగో కన్నం ఆ అంగుళాన్ని మొత్తం మింగేసేది. మూడో కన్నంలో పెడితే ఎంత నింపినా బెల్టు అందేది కాదు. పద్దెనిమిదేళ్ల నుంచి ఊపిరి పీల్చమని, వదలమని చెబుతూ పక్కవాళ్ల కొలతలు తీసినదాన్ని, నా నడుంతో ఆ లెక్క ఎప్పుడూ వేసుకోలేదు.

పన్నెండో రోజుకి బెల్టు లేకుండా అరవై రెండు కిలోలు మూడుసార్లు శుభ్రంగా లేచాయి.

పదమూడో రోజు ముసలాయన బెల్టు చేతికిచ్చాడు. కన్నం గుండ్రంగా, అంచులు నునుపుగా కోశాడు. మధ్యకి ఎలా కొలిచావంటే అగ్గిపుల్ల విరిచి చూపించాడు. నా టేపుతో చూస్తే ఒక నూలు పక్కకి పోయింది. చెప్పాను. "ముల్లే దారి చేసుకుంటాది" అన్నాడు. ముప్పై రూపాయలు తీసుకున్నాడు. ఆ మర్నాడు కొత్త కన్నంలో ముల్లు దూర్చి, అర చెయ్యి పట్టే వదులు చూసుకుని, ఊపిరి నింపాను. చుట్టూ ఒకేసారి తోలు తగిలింది, ముందూ వెనకా పక్కలా. ఆ తగలడం నాకు రెండేళ్లలో ఒక్కరోజు కూడా తెలియలేదు. ఆ వారం ఎనభై లేచింది.

అందుకని కొట్టుకొచ్చినవాళ్లకి చెప్పిన మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. నా నడుం నొప్పి తగ్గింది నిజమే. కానీ బెల్టు కొన్న రోజుల్లోనే మిషను బల్ల కింద రెండంగుళాల చెక్కలు పెట్టి ఎత్తు పెంచుకున్నాను. దేనివల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేను. గోదాములో బస్తాలు మోసే మా తమ్ముడు, "అక్కా, నాకూ ఒకటి కొను, రోజంతా కట్టుకుంటా" అన్నప్పుడు వద్దన్నాను. పనిలో కట్టుకునే నడుం బెల్టుల మీద అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1994లోనే చెప్పింది, దెబ్బ తగలనివాళ్లకి అవి దెబ్బని ఆపుతాయనడానికి ఆధారం లేదని. అవి వేరే రకం బెల్టులు, ఇది వేరు, ఒప్పుకుంటాను. కానీ రోజంతా కట్టుకుంటే ఏమవుతుందో నా అరవై కిలోల కథ చాలు. వాడు మాత్రం గమ్చా బిగించుకునే పోతున్నాడు, మా తాత కూడా అంతే.

ఇప్పుడు నేను కట్టేది వారంలో రెండు రోజులే. గుంజీలైతే అరవై అయిదు దాటాక, అదీ చివరి రెండు మూడు సెట్లకి. సెట్టు అవగానే ముల్లు తీసేస్తాను. నేల మీది బరువుని పట్టుకుని నిలబడే డెడ్‌లిఫ్ట్‌కి ఒక వేలెడు పైకి జరుపుకుంటాను, లేకపోతే వంగినప్పుడు తుంటి ఎముకకీ పక్కటెముకకీ మధ్య ఇరుక్కుంటుంది. అక్కడ మూడో కన్నమే నయం, చూశారా, తిట్టిన కన్నమే పనికొచ్చింది. మిగతా వ్యాయామాలకి బెల్టు సంచిలోనే. అద్దం ముందు నిలబడి చేతి కండలకి డంబెల్ ఎత్తడానికి బెల్టు బిగించే కుర్రాడొకడున్నాడు మా జిమ్ములో. వాడి సంతోషం వాడిది.

ఇంకో మాట మగవాళ్ల సమీక్షల్లో కనబడదు కనక నేనే రాస్తున్నాను. రెండు కాన్పులైన ఒంటికి, బరువు బాగా ఎక్కువైనప్పుడు చుక్క చుక్కగా మూత్రం పడే ఇబ్బంది ఉంటుంది. నాకూ ఉంది. నాలుగో కన్నంలో ఎక్కువుండేది, ఇప్పుడు తక్కువ. పోయిందని మాత్రం చెప్పను. నేను చూపించుకున్న ఫిజియోథెరపీ అమ్మాయి, బరువు లేచేటప్పుడు ఊపిరి పూర్తిగా బిగబట్టకుండా కొంచెం కొంచెంగా వదులుతూ లేవమంది. అలా చేసిన రోజు తొంభై అయిదు డెడ్‌లిఫ్ట్ తొంభై అవుతుంది, కానీ బట్ట పొడిగా ఉంటుంది. ఏ రోజు ఏది కావాలో ఆ రోజు చూసుకుంటాను. మా ఆయనకి బీపీ. ఒకసారి నాది తీసి కట్టుకోబోతే లాక్కున్నాను. ఊపిరి బిగబట్టి నెట్టినప్పుడు బీపీ ఆ కాసేపు బాగా పైకి పోతుంది, డాక్టరు ఒప్పుకుంటే అప్పుడు చూద్దామన్నాను. ఇంకా అడగలేదాయన.

వానాకాలం ఇక్కడి గాలికి తోలు మీద తెల్లగా బూజు పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరేస్తే పోతుంది. కొబ్బరినూనె రాయమని చాలామంది చెప్పారు, మెత్తబడి సాగుతుందని రాయలేదు.

కొనాలా అంటే, బెల్టు లేకుండా కనీసం ఒక ఏడాది ఎత్తి, టేపు మీద ఆ అంగుళం చూపించగలిగితే కొనండి. నేను యాభై ఎనిమిది కిలోల మనిషిని, పొట్టిదాన్ని, పోటీలకి పోయేదాన్ని కాను. పొడుగ్గా ఉన్నవాళ్లకి నాలుగంగుళాల వెడల్పు అడ్డురాకపోవచ్చు, రోజూ ఒకే కొలతలో ఉండే నడుమైతే ఈ కన్నాల గొడవే ఉండదేమో. నాకైతే మళ్లీ కొనాల్సివస్తే మూడంగుళాల వెడల్పుది, కన్నాలు దగ్గర దగ్గరగా ఉన్నది వెతుక్కుంటాను. ఇంకా ఆ అవసరం రాలేదు. కాకపోతే మధ్య కన్నం, ఆయన అన్నట్టే, ముల్లు దారి చేసుకుని ఒక పక్కకి కోలగా సాగింది. ఒకసారి తీసుకెళ్లి చూపించాలి, ఈసారి యాత్ర లేని నెల చూసుకుని.