బాలిషానన్‌లో రోరీ గ్యాలగర్ పండగ: డబ్బులిచ్చి కూర్చున్న డేరా కన్నా వీధే నయం

డోనెగల్ కౌంటీలోని బాలిషానన్ ఊళ్ళో ఐరిష్ రాక్ గిటారిస్టు రోరీ గ్యాలగర్ పేరు మీద ఏటా పాటల పండగ జరుగుతుంది. ఐర్లాండ్‌లో ఉండే మనవాళ్ళెవరైనా ఈ పండక్కి వెళ్దామనుకుంటే ముందు దారి సంగతి చూసుకోండి. డబ్లిన్ నుంచి డోనెగల్ వైపు నేరుగా వెళ్ళే బస్సు ఎనిస్కిలెన్ మీదుగా పోతుంది, అది ఉత్తర ఐర్లాండ్, అంటే యూకే. మన ఇండియన్ పాస్‌పోర్టుకి ఐర్లాండ్ రెసిడెన్స్ కార్డు ఉన్నా అక్కడ చెల్లదు, యూకే వీసా విడిగా ఉండాల్సిందే. సరిహద్దులో గేటూ ఉండదు, గార్డూ ఉండడు, బోర్డుల మీద కిలోమీటర్లు మైళ్ళయితే దేశం మారిందని తెలుస్తుంది అంతే. కానీ అప్పుడప్పుడు బస్సు ఆపి కాగితాలు అడుగుతారు. మా రూమ్మేట్ సరిగ్గా ఆ బస్సుకే టికెట్ తీయబోతుంటే ఫోన్ లాక్కున్నాను. పండగ చూడ్డానికి పోతూ ఆ టెన్షన్ ఎందుకు? డబ్లిన్ కొనలీ స్టేషన్లో రైలెక్కితే మూడు గంటల చిల్లరలో స్లైగో, స్టేషన్ పక్కనే బస్టాండ్, అక్కడి నుంచి బస్సులో గంటలోపే బాలిషానన్. ఎక్కడా దేశం దాటక్కర్లేదు.

రోరీ గ్యాలగర్ ఎవరంటే... వరంగల్ హాస్టల్లో మా సీనియర్ ఒకడు పెన్‌డ్రైవ్‌లో ఈయన 1974 ఐర్లాండ్ టూర్ లైవ్ రికార్డింగ్ ఎక్కించి ఇచ్చాడు, ఆ పిచ్చి నాకు అప్పటి నుంచీ ఉంది. 1948లో ఈ బాలిషానన్‌లోనే పుట్టాడు. వాళ్ళ నాన్న అప్పుడు ఊళ్ళో ఎర్న్ నది మీద కడుతున్న కరెంటు ప్రాజెక్టులో పనిచేసేవాడు, మన సాగర్ డ్యామ్ క్వార్టర్స్‌లో పుట్టిన పిల్లల్లాగే అన్నమాట. తర్వాత డెర్రీలో, కార్క్‌లో పెరిగాడు. 1995లో కాలేయ మార్పిడి తర్వాత ఇన్‌ఫెక్షన్ వచ్చి పోయాడు, 47 ఏళ్ళకే. ఏటా జూన్ మొదటి సోమవారం సెలవుకి ముందొచ్చే వారాంతంలో ఆయన పేరు మీద ఊరు ఊరంతా గిటార్లతో మోగిపోతుంది.

ఇక బస. ఊళ్ళో గదులు నెలల ముందే అయిపోతాయి, మేం ఏప్రిల్‌లో మేలుకున్నాం కాబట్టి పక్కనే సముద్రం ఒడ్డున ఉన్న బండోరన్‌లో దొరికింది. బండోరన్ మంచి ఊరే, అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్ళతో కళకళలాడుతుంది. గదే మమ్మల్ని ముంచింది. రెండు రాత్రులు ఉన్నందుకు మూడు రాత్రుల డబ్బు తీసుకున్నారు, పండగ రోజుల్లో అదే రూలట. "సముద్రం కనిపిస్తుంది" అని రాశారు, నిజమే, బాత్‌టబ్ అంచు మీద నిలబడి వెంటిలేటర్లోంచి చూస్తే కనిపించింది. పైగా రాత్రి కచేరీ అయ్యాక తిరిగి రావడానికి టాక్సీ కోసం నలభై నిమిషాలు రోడ్డు మీద నిలబడ్డాం. వచ్చేసారి బాలిషానన్‌లో గది దొరక్కపోతే గుడారం వేసుకుని పడుకుంటాను కానీ ఆ గదికి మాత్రం పోను.

శనివారం రాత్రి పెద్ద డేరాలో కచేరీకి టికెట్ కొన్నాం. సౌండ్ బాగుంది, వాయించేవాళ్ళు దిట్టలు, కాదనను. కానీ వెనక నిలబడితే ముందున్నవాళ్ళ టోపీలు తప్ప ఏమీ కనబడలేదు. అదే మధ్యాహ్నం వీధిలో పైసా ఖర్చు లేకుండా చూసింది వేరు. మెయిన్ స్ట్రీట్ నిట్టనిలువుగా ఏటవాలు, కింద నుంచి పైకి నడుస్తుంటే ఒక పబ్బులోంచి వినిపించే పాట సగంలో ఉండగానే పక్క పబ్బులోంచి ఇంకోటి అందుకుంటుంది, జర్మన్లూ డచ్చివాళ్ళూ ఇంకా ఏ దేశాలవాళ్ళో, అందరూ గళ్ళ చొక్కాలే. రోరీ ఎప్పుడూ అవే వేసుకునేవాడు. నేనూ ఒకటి వేసుకెళ్ళాను, మా ఆవిడ ఫోటో చూసి లుంగీ గుడ్డతో కుట్టించావా అని అడిగింది.

ఒక పబ్బు గుమ్మంలో అరవై దాటిన ఆయన పక్కన చోటు దొరికింది. ఒళ్ళో స్ట్రాటోకాస్టర్ అనే రకం ఎలక్ట్రిక్ గిటార్, రంగంతా లేచిపోయి చెక్క బయటపడి ఉంది. రోరీ అసలు గిటార్ అలాగే ఉండేది. 1961 నాటిది, కార్క్‌లో ఒక కొట్లో వంద పౌండ్లకి అరువు మీద కొన్నాడు, ఒకసారి దొంగలెత్తుకెళ్ళి గుంటలో పడేస్తే రోజుల తరబడి వానకి నానింది, మిగిలిన రంగు ఆయన చెమటకి పోయిందంటారు. 2024లో లండన్ వేలంలో దానికి ఎనిమిది లక్షల పౌండ్లు దాటి పలికింది, కొన్నవాళ్ళు ఐర్లాండ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చేశారు. మీది ఎన్నేళ్ళు వాయిస్తే ఇలా అయిందండీ అని పక్కనున్న ఆయన్ని అడిగాను. "ఉప్పు కాగితం, రెండు శనివారాలు" అన్నాడు నవ్వకుండా. తర్వాత స్లైడు, అంటే తీగల మీద జార్చే గొట్టం, వేలికి తొడుక్కుని మొదలెట్టాడు చూడండి, ఆ ఉప్పు కాగితం సంగతి ఎవరికీ గుర్తులేదు. రాత్రి పదింటికి కూడా వెలుతురు ఉంటుంది అక్కడ, టైమే తెలియలేదు.

తిండి విషయంలో శాకాహారులకి కష్టమే, చిప్స్‌తో నెట్టుకురావాలి. మేం డబ్లిన్ నుంచి పులిహోర కట్టుకెళ్ళాం కాబట్టి బతికాం.

సోమవారం పొద్దున బస్సుకి ఇంకా టైముందని రోరీ కంచు విగ్రహం దగ్గర కూర్చున్నాం. 2010లో పెట్టారు, గిటార్ పట్టుకుని మాంచి ఊపులో ఉంటాడు. వీధి ఊడ్చేవాళ్ళు ప్లాస్టిక్ గ్లాసులు ఏరుతున్నారు. పదేళ్ళ పిల్లాడొకడు గిటార్‌కి చిన్న ఆంప్ (స్పీకరు పెట్టె) పెట్టుకుని ఒకే ముక్క వాయిస్తూ ప్రతిసారీ ఒకే చోట తప్పుతున్నాడు, వాళ్ళ నాన్న పక్కన కాఫీ తాగుతూ ఏమీ అనట్లేదు. మా బస్సు మలుపు తిరిగేటప్పటికి వాడు ఏడోసారి మొదలుపెట్టాడు.